ఎర్తు గుంతకు నీళ్ళు

వేసవి చివర్లో మొదటి ఉరుము ఉరిమిన మరునాడు అనంతపురంలో మా నాయన అంగడి ముందు రేడియోలు బారులు తీరేవి. డెబ్బైల్లో, నేను బడికి పోయే రోజుల్లో, ఇంట్లో రేడియో ఉందంటే అది పెద్ద సంగతే. చెక్కపెట్టె, లోపల గాజు వాల్వులు, మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగి కట్టిన రాగితీగ ఏరియలు. ఆ తీగ పాటలను లోపలికి తెచ్చినట్టే పిడుగు దెబ్బను కూడా తెచ్చేది. కాలిపోయిన పెట్టెను దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. నాయన వెనక అట్ట విప్పి, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఆ వాసనతోనే సగం సంగతి తెలిసిపోయేది.

"మోడం కనపడితే ఏరియలు పీకమని సెప్పినానా లేదా?" అని అడిగేవాడు. మోడమంటే మా వైపు మబ్బు.

"సెప్పినావు గానీ, వాన వస్తాదని ఎవురనుకున్నారన్నా?" అనేవాళ్ళు.

మా సీమలో ఆ జవాబుకు ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు. నాయన నవ్వి, పెట్టె తీసుకుని బల్ల మీద పెట్టుకునేవాడు. తగరం కరిగే వాసన, సన్నగా లేచే పొగ, మూలన గుట్టగా పడి ఉండే చెడిపోయిన వాల్వులు, వీటి మధ్యనే నేను పెరిగాను. అందువల్ల మా ఇంట్లో ఆడపిల్లలకు ముగ్గు వేయడం ఎంత బాగా వచ్చో, ఉరుము వినపడగానే లేచి తీగ పీకడం కూడా అంత బాగా వచ్చు.

పెళ్ళయి ధర్మవరం వచ్చాను. అత్తవాళ్ళది నేత ఇల్లు. ముందు గదిలో నేల తవ్వి దించిన గుంట మగ్గం, దాని మీద మా ఆయన. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. ఇంట్లో మేము ముగ్గురం, తర్వాత మాకొక కూతురు. అత్త పొడగరి, సన్నని మనిషి. పొద్దున్నుంచి పొద్దుగుంకే దాకా రాట్నం ముందు కూర్చుని పట్టుదారాన్ని కండెలకు చుట్టేది. ఆ కండెలు అందకపోతే మగ్గం ఆగిపోతుంది. ఆమె తల పైన గోడ గూట్లో నాయన నా పెళ్ళికి తన చేతుల్తో బాగుచేసి ఇచ్చిన రేడియో ఉండేది. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం వ్యవసాయ వార్తలు, సాయంత్రం నాటకం. మాకు సెంటు పొలం కూడా లేదు. అయినా వ్యవసాయ వార్తలు ఆమె ఒక్క రోజు కూడా వదిలేది కాదు. "రాయలసీమలో అక్కడక్కడ జల్లులు" అని వినపడితే రాట్నం ఆపి, "అక్కడక్కడంటే యాడంట? పేర్లు సెప్పరేమో సూడు" అని నావైపు తిరిగేది.

అంత ఇష్టమైన రేడియోనే, ఆకాశం కాస్త నల్లబడితే చాలు, పామును చూసినట్టు చూసేది. మొదటిసారి ఆమె కంగారు చూసినప్పుడు నాకు భయమేసింది. మెయిన్ స్విచ్ దించేసింది. అద్దం మీద చీర కప్పింది. మూలనున్న గడ్డపార తీసి వాకిట్లోకి విసిరింది. నన్ను మధ్య గదిలోకి లాక్కుపోయి, నడుము వంచి కూర్చుని, "అర్జునా, ఫల్గుణా" అని గొణుగుతూ ఉంది. చేతులు వణుకుతున్నాయి. వాన పడలేదు. మోడం విరిగిపోయి ఎండ వచ్చిన తర్వాత కూడా చాలాసేపు ఆమె లేవలేదు.

కారణం తర్వాత చెప్పింది, ఒక మధ్యాహ్నం కండెలు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా. ఆమెకు ఒక్కడే అన్న. గొర్రెలు కాసేవాడు. అప్పటికి ఆమెకింకా పెళ్ళి కాలేదట. అన్నకు సంగటి ముద్ద తీసుకుని మిట్టకు పోతోంది. దూరాన అన్న కనపడుతున్నాడు, ఎత్తు మీద నిలబడి, కంబళి తల మీద కప్పుకుని, చేతి కట్టెతో గొర్రెలను దగ్గరికి తోలుతున్నాడు. తెల్లగా మెరిసింది. ఆమె కళ్ళు మూసి తెరిచేసరికి గొర్రెలు మాత్రమే నిలబడి ఉన్నాయి.

"ఆ పొద్దు ఊర్లో ఏమన్యారో తెలుసా? ఏం పాపం చేసినాడో, అందుకే పిడుగు ఎతుక్కుంటా వచ్చినాదన్యారు. మా యమ్మ సచ్చేదాకా ఆ మాట మోసింది."

దారం తెగితే ముడి వేసుకుని మళ్ళీ రాట్నం తిప్పింది.

ఎనభైలు సగానికి వచ్చేసరికి మా జిల్లాలో టీవీ బొమ్మ పడుతుందని చెప్పుకోవడం మొదలైంది. మా ఆయన ఒక రోజు నలుపు తెలుపు పెట్టె తెచ్చాడు. మా వీధిలో అదే మొదటిది. అంత దూరం బొమ్మ సరిగా అందదు కనుక మిద్దె మీద రెండాళ్ళ ఎత్తు ఇనప పైపు నిలబెట్టి, దాని కొసన యాంటెనా కట్టారు. గాలికి అది తిరిగిపోతే మా ఆయన మిద్దె ఎక్కి తిప్పేవాడు. నేను కింద నుంచి "వచ్చినాది, పోయినాది, వచ్చినాది" అని అరిచేదాన్ని. కరెంటు సంగతి సరేసరి. ఎండాకాలం పల్లెల్లో బోరు మోటర్లన్నీ ఒక్కసారి వేస్తే బల్బులు నిప్పు కణికల్లా ఎర్రగా వెలిగేవి. మోటర్లు ఆపితే ఒక్కసారిగా తెల్లగా భగ్గుమనేవి. ఆ ఎగుడు దిగుడు పెట్టెను కాల్చకుండా టీవీ పక్కన స్టెబిలైజరు ఒకటి కటకటమని ముల్లు ఊపుతూ ఉండేది.

ఆదివారం సాయంత్రం సినిమాకు వీధి వీధంతా మా ఇంట్లోనే. చాపలు చాలక మగ్గం గుంత అంచు మీద కూడా కూర్చునేవాళ్ళు. అత్త మొదట్లో ముఖం తిప్పుకుంది. పది మందీ నవ్వుతుంటే తర్వాత తర్వాత రాట్నాన్ని కాస్త ఇటు జరుపుకుంది.

ఒక ఆదివారం ఎండ మండిపోయింది. సినిమా సగంలో దక్షిణాన గుడగుడలు మొదలయ్యాయి. అత్త రాట్నం ఆపింది.

"ఆపండప్పా పెట్టె."

"ఇంగ కొంచేపే మా. కథ అయిపోవచ్చినాది," అన్నాడు మా ఆయన.

"వాన యాడ వస్తాదిలే పెద్దమ్మా, ఉత్తుత్త ఉరుములు," అని ఎవరో అన్నారు. నలుగురూ నవ్వారు.

అత్త మాట్లాడకుండా లేచింది. మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ టీవీ వెనక్కి పోయి యాంటెనా తీగ పీకబోయింది. చెయ్యి తీగ మీద పడిందో లేదో, కిటికీ అంతా తెల్లబడిపోయింది. ఆ చప్పుడు బయట నుంచి వచ్చినట్టు లేదు. గోడల్లోంచే వచ్చినట్టుంది. బల్బులు పగిలాయి. పిల్లలు గుక్కపట్టారు. ఎవరో అగ్గిపుల్ల గీస్తే అత్త రాట్నం మీద పడి ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. "పాప యాడుండాది?" అని అడిగింది. నా ఒళ్ళో ఉన్న బిడ్డను చూపించాక కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి భుజం దాకా మొద్దుబారిపోయింది. వేలి కొసన కమిలిన మచ్చ. డాక్టరు వచ్చి చూసి, పిడుగు పడింది వీధి మొగన ఉన్న కరెంటు స్తంభం మీద గనుక బతికారన్నాడు. మరునాటికి చేతికి తిమ్మిరి వదిలింది. కానీ టీవీ పోయింది, స్టెబిలైజరు నల్లగా మాడిపోయింది, గూట్లో రేడియో పోయింది. వీధిలో రేడియో ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒకటి పోయింది. వాన మాత్రం నాలుగు చినుకులు రాల్చి, మట్టి వాసన పైకి లేపి, దాని దారిన అది పోయింది.

మా ఆయన పైపు దించేశాడు. ఇంటికి పెట్టె మాటే వద్దన్నాడు. అత్త మునుపటి కంటే తక్కువ మాట్లాడేది. వ్యవసాయ వార్తల వేళకు తల పైకెత్తి గూటి వైపు చూసేది. అక్కడ కాలిన పెట్టె మూగగా ఉండేది. మగ్గం చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేకుండా అయిపోయింది. చూడలేక నాయనకు కబురు పెట్టాను.

నాయన పనిముట్ల సంచితో రైలు దిగి వచ్చాడు. టీవీ వైపు చూడనైనా చూడలేదు. మీటరు దగ్గర నుంచి, దెబ్బను నేలలోకి దింపాల్సిన ఎర్తు తీగను పట్టుకుని, అది ఎటు పోతే అటు గోడ వెంబడి నడిచాడు. తీగ పోయి పోయి పెరట్లో కొళాయి పైపుకు చుట్టి ఉంది. నాయన ఆ పైపును చేత్తో ఊపాడు. అది ఎండు పుల్లలా ఊడి చేతికొచ్చింది. లోపల తుప్పు తిని ఎప్పుడో తెగిపోయింది.

"అల్లుడూ, ఇది ఎర్తు కాదప్పా," అన్నాడు నాయన, ఆ ముక్కను మా ఆయన చేతిలో పెట్టి. "ఇంట్లోకి వచ్చిన దెబ్బకు బయటికి పోయే దావే లేదు. నేల తవ్వల్ల."

నేత ఇంటివాళ్ళకు గుంత తవ్వడం కొత్త కాదు. మా ఆయన గడ్డపార అందుకున్నాడు. పైన జానెడు ఎర్రమన్ను, ఆ కింద అంతా గరుసు రాళ్ళే. గడ్డపార దిగితే నిప్పురవ్వలు లేచేవి. ఒకరు అలసిపోతే ఒకరు, మామా అల్లుళ్ళు ఛాతీ లోతు తవ్వారు. అంత లోతున కూడా పిడికెడు మన్ను తీసి పిండితే పొడి రాలుతోంది. నాయన ఆ పొడిని వేళ్ళ మధ్య నలుపుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. గుంత నడుమ ఇనప పైపు నిలబెట్టి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఉప్పు వేసి, నీళ్ళు నిలిచేందుకు పైన జానెడు వదిలి పూడ్చారు. మీటరు నుంచి వచ్చే తీగ ఆ పైపుకు బిగించారు. పిడుగు దిగే దారిగా మిద్దె మీద పైపు మళ్ళీ నిలబెట్టి, దాని మొదలు నుంచి లావుపాటి తీగను ఎక్కడా వంపు లేకుండా సూటిగా దించి, అదీ ఇక్కడికే తెచ్చి కట్టారు.

"అయిపోయినాదా?" అని అడిగాడు మా ఆయన చెమట తుడుచుకుంటూ.

"యాడయిపోయె. నీళ్ళు పోయల్ల. ఈ పొద్దొక్క రోజు కాదు, ఎండాకాలమంతా తడారకుండా పోయల్ల. ఎండిన నేల కరెంటును తీసుకోదు."

అంతదాకా గడప మీద కూర్చుని చూస్తున్న అత్త లేచి నిలబడింది. ఆ ఏడు నీళ్ళ కష్టం మాటల్లో చెప్పేది కాదు. కొళాయిలు ఎండిపోయాయి. ట్యాంకరు వస్తే వీధంతా బిందెలతో పరుగు. స్నానానికి ఒక చెంబు, అంట్లకు అంతకన్నా తక్కువ.

"తాగేకి లేక మేము పెదవులు తడుపుకుంటాంటే, మన్నుకు నీళ్ళు తాపమంటావా అన్నా? ఈ పెట్టె కోసరమా?"

"పెట్టె కోసరం కాదమ్మా. ఇంటి కోసరం."

"నువ్వు గుంత తీసి, ఈడ పడు అంటే పిడుగు ఇంటాదా? అది పాపం చేసినోళ్ళను ఎతుక్కుంటా వస్తాది. ఆపొద్దు మా అన్నను ఎతుక్కుంటా వచ్చినాది. మొన్న నన్ను."

నాయన చేతిలోని పార కింద పెట్టాడు. ఆమె అన్న సంగతి ఆయనకు తెలియదు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన గుంత అంచున, మట్టిలోనే, ఆమె గడపకు ఎదురుగా కూర్చున్నాడు.

"మీ అన్న ఆపొద్దు యాడ నిలబడినాడమ్మా?"

"మిట్ట మీద. గొర్లను మలుపుతాండె."

"చుట్టూ చెట్టేమన్నా ఉండెనా?"

"చెట్టు యాడిది? బోడి మిట్ట."

"అయితే ఇను. పిడుగుకు పాపం తెల్దు, పుణ్యం తెల్దు. దానికి మనిషి మొగమే తెల్దు. మోడం నుంచి బయల్దేరినాక దానికి నేలలోకి దిగే దావ ఒకటి కావల్ల. బోడి మిట్ట మీద అన్నిటికన్నా ఎత్తుగా ఏముంటే దాన్ని పట్టుకొని దిగతాది. చెట్టుంటే చెట్టు. స్తంభముంటే స్తంభం. ఆపొద్దు ఆడ ఎత్తుగా ఉండింది మీ అన్నే. గొర్లను ఇడిసిపెట్టకుండా నిలబడినాడు గదా, అందుకు. ఆయన చేసిన తప్పు ఏమీ లేదు తల్లీ."

"నిజంగానేనా అన్నా?" అంది అత్త, మళ్ళీ గడప మీద కూర్చుంటూ.

"నా వయసంతా ఈ పనే కదమ్మా. పిడుగు తిన్న పెట్టెలు ఎన్నో చూసినా. దేవుని పాటలు తప్ప ఇంగేమీ ఇనని ఇండ్ల పెట్టెలూ కాలినాయి."

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. మా ఆయన కంగారుపడ్డాడు. నాయన మాత్రం, "ఉండనీప్పా, ఆయమ్మను కదిలించొద్దు," అన్నాడు.

తెల్లవారి నేను లేచేసరికి పెరట్లో బండ ఈడ్చిన చప్పుడు. మేము స్నానాలు చేసే జాలాడి బండ పెరటి ఆ మూలన ఉండేది. అత్త దాని కింద గడ్డపార పెట్టి ఎత్తి, ఒక్కతే కొంచెం కొంచెంగా జరుపుకుంటూ ఎర్తు గుంత పక్కకు తెస్తోంది. నేనూ ఒక చెయ్యి వేశాను. బండను గుంత వైపు వాలుగా పరిచి, కింద చిన్న కాలువ గీసింది. ఆ తర్వాత మా పాపను ఎత్తుకొచ్చి ఆ బండ మీద కూర్చోబెట్టి, నెత్తిన చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళు పాప ఒంటి మీద నుంచి బండ మీదకు, బండ మీద నుంచి గుంతలోకి జారాయి. నేల గుటగుటమని పీల్చుకుంది.

"మన్నుకు వేరేగా నీళ్ళు యాల? మనం పోసుకుండేవే అదీ తాగతాది," అంది నాయనను చూసి.

నాయన పళ్ళపొడి ఉమ్మేసి పకపకా నవ్వాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరి స్నానాలు ఆ బండ మీదే. అంట్లు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, పట్టుకు రంగు అద్దిన తర్వాత జాడించిన నీళ్ళు, ఏవీ వీధిలోకి పోలేదు. ఒక రోజు గుంత ఎర్రగా ఉండేది, ఒక రోజు పసుపుగా.

టీవీని నాయన అనంతపురం తీసుకుపోయి, కాలినవన్నీ మార్చి వెనక్కి పంపాడు. తీసుకుపోయే ముందే మాకందరికీ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఈ గుంత ఇంటికి కాపలా అనుకుని నిద్రపోకండి, పిడుగు నేరుగా మిద్దె మీదే పడితే గుంత ఒక్కటీ చాలదు, ఉరుము రాకముందే ప్లగ్గు, యాంటెనా రెండూ పీకి పక్కన పెట్టాలి, ఉరుములు నెత్తి మీదికి వచ్చాక తీగ ముట్టకూడదు. గూట్లో రేడియో మాత్రం బాగుపడలేదు. దాని బదులు ఒక చిన్న ట్రాన్సిస్టరు ఇచ్చాడు. అది సెల్లులతో పాడేది. గోడకు తగిలించే తీగే లేదు.

అత్తకు అది ప్రాణమైంది. ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, జాలాడి దగ్గరికి కూడా తీసుకుపోయేది. కొన్నాళ్ళకు ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఎండాకాలం సాయంత్రాలు పాట మధ్యలో ఉన్నట్టుండి "కరకర" మని ఒక గీత పడినట్టు వినపడేది. బయట చూస్తే ఆకాశం తెల్లగా ఉండేది. ఇంకాసేపటికి ఆ కరకరలు దగ్గరదగ్గరగా పడేవి. ఆ తర్వాత ఎప్పటికో పెనుకొండ కొండల వైపు మోడం కనపడేది. ఉరుము వినపడేది ఇంకా తర్వాత.

ఒకసారి నాయన వచ్చినప్పుడు అడిగింది. "అన్నా, ఈ పెట్టె మనకన్నా ముందే ఉరుము ఇంటాదా?"

నాయన ట్రాన్సిస్టరు తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముఖం విచ్చుకుంది. "మెరుపు మెరిసినప్పుడల్లా అంత దూరం నుంచి దీని చెవిలో పడతాదమ్మా. ఉరుము మన చెవికి వచ్చేకి చాలా ముందే పడతాది. నాకూ తెలిసిందే, కానీ దీన్ని ఇట్లా కాపలా పెట్టుకోవచ్చునని ఎప్పుడూ తట్టలేదు సుమా." ఊరికి తిరిగిపోయే దాకా ఆ మాట కనపడిన వాళ్ళందరికీ చెప్పాడు.

అప్పటి నుంచి ఇంట్లో తీగలు పీకే పని ఆమెది. కరకరలు మొదలైతే రాట్నం ఆపి లేచేది. ప్లగ్గు, యాంటెనా, మెయిన్ స్విచ్, వరసగా. చెయ్యి వణకడం నేను మళ్ళీ చూడలేదు. మన ఇల్లు ఒక్కటే అయితే చాలదని ఆమెకే తోచింది. వీధిలోకి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "తీగలు పీకండప్పా! తీగలు పీకండి!" అని ఈ కొస నుంచి ఆ కొసకు కేకేసుకుంటూ పోయేది. అప్పటికి వీధిలో ఇంకొన్ని టీవీలు వచ్చాయి. మొదట్లో కొందరు నవ్వారు. "ఎండ కాస్తాంటే తీగలు యాల పీకేది?" అన్నారు. మోడం రాకుండా పోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆమె సిగ్గుపడలేదు. "రాకుంటే మళ్ళా పెట్టుకోండి, చేతులు అరిగిపోతాయా?" అనేది.

రెండేళ్ళు సరైన వాన లేదు. ఆ తర్వాతి వేసవి చివర, ఒక సాయంత్రం, పొద్దు ఇంకా గుంకలేదు. మా ఆయన మగ్గం మీద ఉన్నాడు. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. పాట పాడుతున్న ట్రాన్సిస్టరు ఉన్నట్టుండి పాడడం మానేసి కరకరలాడింది. ఆగలేదు. ఒకదాని మీద ఒకటి, పెనం మీద పేలాలు పేలినట్టు. అత్త ఒక్క క్షణం కదలకుండా విని, లేచింది.

"ఇది ఉత్తది కాదే," అంది.

ఇంట్లో తీగలు పీకి, వీధిలోకి దిగింది. ఆ కేక ఆ రోజు వేరేగా ఉంది. ఇళ్ళలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ప్లగ్గులు పీకి జనం గడపల మీదకు వచ్చారు. దక్షిణాన మోడం నల్లగా, కింద దాకా, గోడ లేచినట్టు లేచి వస్తోంది. ముందు గాలి, గాలితో దుమ్ము. అత్త వీధి చివరి దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చి, అందరినీ లోపలికి పొమ్మని కసిరింది. "వాన యాడికీ పోదు, లోపలికి పోండి ముందు!"

మెరుపులు గంటకు పైగా కొట్టాయి. ఒకటి మళ్ళీ ఎంతో దగ్గరలో పడింది. ఇల్లు అదిరింది. మధ్య గదిలో పాప అత్త ఒళ్ళో ఉంది. అత్త దాని చెవులు రెండు చేతులతో మూసి, "ఏం కాదులే, దాని దావన అది దిగిపోతాండాది," అంది. ఆ మాట పాపకు చెప్పిందో, తనకు తానే చెప్పుకుందో. ఆ తర్వాత మెరుపులు ఉత్తరానికి జరిగిపోయి, ఉత్త వాన మిగిలింది. నింపాదిగా, నేల తాగేటంత నింపాదిగా పడే వాన. అప్పుడు గానీ ఆమె తలుపు తీయనివ్వలేదు. తలుపు తీశాక మమ్మల్ని ఎవరూ ఆపలేకపోయారు. వీధంతా వానలో నిలబడి ఉంది. మా ఆయన మిద్దె గొట్టం కింద బిందె పెట్టి, నిండిన దాన్ని ఎత్తి, అంత నీళ్ళు ఒక్కసారిగా చూడక ఎన్నాళ్ళయిందో, తన నెత్తిన తానే కుమ్మరించుకున్నాడు.

మరునాడు పొద్దెక్కాక కరెంటు వచ్చింది. వీధిలో ఒక్కరు కూడా పెట్టె ముట్టుకోలేదు. అందరూ అత్త వైపే చూస్తున్నారు. ఆమె మొదట బల్బు వేయించింది. తెల్లగా మండిపోకుండా, ఎర్రబడిపోకుండా, మామూలుగా వెలుగుతోందా అని తల ఎత్తి చూసింది. కాసేపు అలాగే వెలగనిచ్చింది. తర్వాత టీవీ ప్లగ్గు తన చేత్తోనే పెట్టింది. పెట్టె "టక్" మంది, గీతలు పడ్డాయి, చుక్కలు మెరిశాయి. ఆ వేళకు బొమ్మ ఉండదు గానీ చుక్కలు చాలు. "బతికింది!" అని మా ఆయన వీధిలోకి కేకేశాడు. పక్కింట్లో రేడియో పలికింది. ఎదురింట్లో పలికింది. అలా ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు, వీధి చివరి దాకా ఒకే పాట పరుగెత్తింది. చివరి ఇంటి ముసలాయన బయటికి వచ్చి, "పెద్దమ్మా, మాదీ పలుకుతాండాది!" అని అరిచాడు.

పక్క వీధిలో మాత్రం కొన్ని పెట్టెలు పోయాయి. మధ్యాహ్నానికి అక్కడి ఆడవాళ్ళు నలుగురు బురదలో నడుచుకుంటూ వచ్చారు. ఈసారి మోడం పడితే తమ వీధిలోకి కూడా వచ్చి ఒక కేక వేయమని అడిగారు. గుంత ఎట్లా తవ్వాలో, బొగ్గు ఎంత, ఉప్పు ఎంత అని అడిగారు. అత్త వాళ్ళను పెరట్లోకి పిలుచుకుపోయి, బండ దగ్గర నిలబెట్టి, వివరంగా చెప్పింది. వాన నీళ్ళతో గుంత నిండి అంచు దాకా నిలిచి ఉంది.

వాళ్ళు పోయాక ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"మూడు కండెలన్నా చుట్టలేదు నిన్నట్నుంచి," అంది నాతో. "మగ్గం కాళీగా ఉండాది. రా, దారం అందియ్యి."